పెరట్లో కుక్కల అరుపులు: ప్రహరీ ఎత్తు పెంచితే పక్కింటి పై అంతస్తుకు తగ్గుతాయా?

మధురవాడ_పెరడు (ప్రశ్న)

విశాఖ, మధురవాడ. 200 గజాల స్థలంలో ఇల్లు. వెనక పెరడు 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. పక్కింటికీ మాకూ మధ్య ప్రహరీ 5 అడుగులు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. గోడ దాటాక సుమారు 13 అడుగుల దూరంలో వాళ్ల కిటికీలు ఉన్నాయి. కింద వంటగది, పైన పడకగది. పై గదిలో పెద్దావిడ పడుకుంటారు, నిద్ర పట్టడం లేదని అడిగారు. అడగడంలో న్యాయం ఉంది కాబట్టి సరిచేయాలనుకుంటున్నాం.

కుక్కలు రెండు. నాలుగేళ్ల ల్యాబ్రడార్ (మగ), ఏడేళ్ల నాటు కుక్క (ఆడ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది). షెడ్డు 8×6 అడుగులు, మా ఇంటి గోడకి ఆనించి ఉంది. పైన జీఐ రేకు, ముందు మెష్ తలుపు, అది ప్రహరీ వైపు తెరుచుకుంటుంది. పక్క సందులోంచి వీధి గేటు కనబడుతుంది. అరుపులు ఎక్కువగా రాత్రి 11 నుంచి 1 లోపు, మళ్లీ తెల్లవారుజామున 4:30 నుంచి 6 వరకు. పగలు 9 నుంచి 6 దాకా ఇంట్లో ఎవరూ ఉండరు, అప్పుడూ అరుస్తున్నాయట.

అల్ట్రాసోనిక్ పెట్టె (మనకి వినబడని, కుక్కలకి వినబడే సన్న శబ్దంతో అరుపు మాన్పించే పరికరం) ఒకటి తగిలిస్తే రెండు వారాలు పనిచేసి ఊరుకుంది. 40 వేల దాకా ఖర్చు పెట్టగలం. గోడ 7 అడుగులకు పెంచాలా, షెడ్డుకి సౌండ్‌ప్రూఫ్ చేయించాలా, మొక్కలు పెంచాలా? దేనికి ఎంత తగ్గుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

శబ్దం_లెక్క

మీరు కొలతలు ఇచ్చారు కాబట్టి ఊహతో కాకుండా లెక్కతోనే చెప్పొచ్చు.

కుక్క మూతి దగ్గర్నుంచి పక్కింటి కిటికీ దాకా ఒక తాడు బిగించి కట్టారనుకోండి. ఆ తాడుకి గోడ అడ్డం వస్తేనే శబ్దానికి అడ్డు. తాడు గోడ అంచుని సరిగ్గా రాసుకుంటూ పోతే 5 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) దాకా తగ్గుతుంది. గోడ తాడుని ఎంత పైకి ఎత్తితే అంత ఎక్కువ తగ్గుతుంది, కానీ ఇళ్ల మధ్య గోడలతో 15 దాటడం కష్టం. శబ్దం అంచు మీదుగా వంగి దిగుతుంది. మీ గోడ ఇటుకదైనా రాయిదైనా ఆ వంపు మారదు.

అరుపులో బలమంతా దాదాపు 500 నుంచి 1,500 హెర్ట్జ్ (ధ్వని ఎంత బొంగురో, ఎంత సన్ననో చెప్పే కొలత) మధ్య ఉంటుంది. కింది అంచు 500 పట్టుకుని లెక్క వేశాను. కుక్క మూతి 2 అడుగుల ఎత్తు, పై కిటికీ మధ్య భాగం 15 అడుగుల ఎత్తు అనుకున్నాను.

కుక్క ఇప్పుడున్న షెడ్డులో, అంటే ప్రహరీకి 9 అడుగుల దూరంలో ఉంటే, మీ 5 అడుగుల గోడ పై గదికి అసలు అడ్డే కాదు. తాడు గోడకి రెండడుగులు పైనుంచి పోతుంది. గోడని 7 అడుగులు చేస్తే తాడు అంచుని రాసుకుంటుంది, అంటే లాభం 5 లోపే. కింద వంటగదికి మాత్రం కుక్క గోడకి 5 అడుగుల్లో ఉన్నప్పుడు ఇప్పుడే 12 దాకా అడ్డు ఉంది, 7 అడుగులు చేస్తే 16 అవుతుంది. నిద్ర పట్టనిది పై గదిలో. గోడకి పెట్టే డబ్బు ఎక్కువగా వంటగదికే పనికొస్తుంది.

ఇప్పుడు అదే షెడ్డుని ఇంటి గోడ నుంచి తీసి ప్రహరీకి ఆనించండి. చెబితే చాలామంది నమ్మరు, పక్కింటికి దగ్గరగా జరిపితే ఎలా తగ్గుతుందని అడుగుతారు. కుక్క గోడకి అడుగున్నర దూరంలో ఉంటే 5 అడుగుల గోడే పై కిటికీకి 8, 9 డెసిబెల్స్ అడ్డుపడుతుంది. దగ్గరైనందుకు 2 డెసిబెల్స్ పెరుగుతుంది. నికరంగా 6 మిగులుతుంది. గోడ మీద ఒక్క ఇటుక పెట్టకుండా.

ఇక్కడొక మెలిక ఉంది. మీ ఇంటి గోడ నున్నటి ప్లాస్టరింగ్, ప్రహరీకి 12 అడుగుల ఎదురుగా నిలబడి ఉంది. కుక్క అరిస్తే శబ్దం ఆ గోడకి తగిలి తిరిగి ప్రహరీ మీదుగా పై కిటికీకి పోతుంది. ఆ దారికి ఏ అడ్డూ లేదు. లెక్కేస్తే అది అడ్డు లేకుండా నేరుగా వెళ్లే శబ్దం కన్నా 5, 6 డెసిబెల్స్ మాత్రమే తక్కువ. అంటే ప్రహరీని పదడుగులు చేసినా, ఎదురు గోడని వదిలేస్తే మొత్తం లాభం అక్కడే ఆగిపోతుంది. గోడ పెంచి ఏమీ తగ్గలేదని బాధపడేవాళ్లకి ఎక్కువసార్లు జరిగేది ఇదే.

ఎదురు గోడకి శబ్దం పీల్చే పలకలు కావాలి. 50 మి.మీ. మందం, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) తీసుకోండి. 25 మి.మీ.ది 500 హెర్ట్జ్ దగ్గర బలహీనం. మీ కొలతల్లో శబ్దం తగిలి తిరిగొచ్చే చోటు నేల నుంచి సుమారు 5 అడుగుల 10 అంగుళాల ఎత్తున వస్తుంది. కాబట్టి నేల నుంచి 2 అడుగులు వదిలి 8 అడుగుల ఎత్తు వరకు, షెడ్డుకి సూటిగా 8 అడుగుల వెడల్పున బిగిస్తే చాలు. 48 చదరపు అడుగులు. 1,000×600 మి.మీ. పలకలు ఎనిమిది పడతాయి. గోడకీ పలకకీ మధ్య 50 మి.మీ. ఖాళీ వదిలితే ల్యాబ్రడార్ బొంగురు అరుపులో ఉండే కింది ధ్వనుల్ని కూడా పీలుస్తుంది.

మొక్కలు శబ్దానికి పనికిరావు. దట్టమైన పొద 10 మీటర్ల మందం ఉన్నా ఈ ధ్వనుల దగ్గర తగ్గేది ఒక్క డెసిబెల్ లాంటిది. మీకు మొత్తం పెరడే 12 అడుగులు.

ఇంకొక లెక్క చెప్పి ఆపుతాను. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది, 3 తగ్గితే తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. రాత్రంతా కలిపి చూసే సగటులో, వంద అరుపులు పది అయితే అదే 10 డెసిబెల్స్. ఈ పెరట్లో గోడతో రాని 10, అరుపుల సంఖ్య తగ్గిస్తే వస్తుంది. అందుకే నా లెక్కల కన్నా కుక్కల సంగతి తెలిసినవాళ్ల మాట ముందు వినండి.

జాగిలాల_బడి

పై లెక్క బాగుంది. ఒక్కటి కలుపుతాను. షెడ్డు జరిపేటప్పుడు వీధి గేటు కనబడని చోటు చూసుకోండి. శబ్దం కోసం మంచి చోటని గేటు కనబడే మూలన పెడితే అరుపులు రెట్టింపవుతాయి.

మూడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి. పాత ఫోను ఒకటి పెరట్లో పెట్టి రికార్డింగ్ నడపండి. ప్రతి అరుపు విడతకీ మూడే విషయాలు కావాలి: ఏ టైముకి, ఎంతసేపు, ముందు ఏ కుక్క మొదలుపెట్టింది. రెండు కుక్కలున్న ఇంట్లో దాదాపు ఎప్పుడూ ఒకటి మొదలుపెడుతుంది, రెండోది వంత పాడుతుంది. మొదలుపెట్టే దానికి నేర్పితే రెండోది చాలావరకు దానంతటదే తగ్గుతుంది. తెలియకుండా రెండింటికీ ఒకేసారి నేర్పబోతే ఏదీ నేర్చుకోదు.

మీరు చెప్పిన వేళలు చూస్తే కారణాలు మూడు వేరువేరుగా ఉండే అవకాశం ఎక్కువ.

రాత్రి 11 నుంచి 1. వీధి కుక్కలు తిరిగే వేళ, గూర్ఖా విజిల్ వేళ, అన్నిటికన్నా ముఖ్యం పందికొక్కులు. రాత్రి కుక్కల గిన్నెలో మిగిలిన అన్నం పెరట్లో వదిలేస్తే పందికొక్కు రావడం ఖాయం, దాని వాసనకి నాటు కుక్క గోడ పొడుగునా పరిగెత్తి అరుస్తుంది. రాత్రి 8 లోపు తిండి పెట్టి, 20 నిమిషాల్లో గిన్నె తీసేసి కడిగేయండి. కాలువ మూతలకి సన్న మెష్ వేయండి. గోడ వార బొరియలుంటే కంకర, సిమెంటు కలిపి పూడ్చండి. ఎలుకల మందు మాత్రం వద్దు. చచ్చిన ఎలుకని కుక్క తింటే దానికీ విషమే.

అసలు మందు ఏమిటంటే రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రెండింటినీ లోపల పడుకోబెట్టడం. హాలు, వంటింటి పక్క వాష్ ఏరియా, మెట్ల కింద, ఏదైనా సరే. తలుపు వేసి ఫ్యాను పెడితే వీధి చప్పుడు వాటికి తగ్గుతుంది, వాటి చప్పుడు వీధికి తగ్గుతుంది. పెరట్లో పెరిగిన కుక్క మొదటి నాలుగైదు రాత్రులు తలుపు గీరుతుంది, కూస్తుంది. అప్పుడు బయటికి వదిలితే గీరితే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. దాని పాత గోనెపట్టా లోపలికి తెచ్చి వేసి, మొదటి మూడు రాత్రులు ఇంట్లో ఒకరు దాని పక్కనే పడుకుంటే త్వరగా కుదురుకుంటుంది. పడుకునే ముందు పెరట్లో తిప్పి ఒంటికి, రెంటికి కానివ్వండి.

తెల్లవారుజామున పాలవాళ్లు, పేపరు, తర్వాత చెత్త బండి. ఇది కాపలా అరుపు. కుక్క అరుస్తుంది, పాలబ్బాయి వెళ్లిపోతాడు. అతను ఎలాగూ వెళ్లేవాడే, కానీ తాను అరిచినందుకే వెళ్లాడని కుక్క అనుకుంటుంది. రోజూ గెలుస్తున్న ఆట అది, అందుకే మానదు. రెండు పనులు చేయాలి. గేటు కంతల నుంచి చూపు ఆపండి. గేటు లోపలి వైపు నేల నుంచి 4 అడుగుల ఎత్తు వరకు రేకు కొట్టించండి లేదా రెండు పొరల షేడ్ నెట్ బిగించి కట్టండి. ఒక పొరైతే వెనక వెలుతురున్నప్పుడు నీడ కదులుతుంది, అది ఇంకా రెచ్చగొడుతుంది. అడుగున రెండంగుళాలకన్నా ఎక్కువ సందు ఉండకూడదు, కుక్క చూసేది అక్కడి నుంచే. శబ్దానికి పనికిరాదని పైన చెప్పిన పొద ఇక్కడ పనికొస్తుంది. పక్క సందు చివర కనకాంబరం వరసగా వేస్తే చూపు ఆగుతుంది. గన్నేరు మాత్రం వేయకండి, కుక్కకి ప్రాణాంతకం.

రెండోది "చాలు" నేర్పడం. ఉడకబెట్టిన చికెన్ శనగగింజంత ముక్కలు ముప్పై సిద్ధం చేసుకోండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. మొదలుపెట్టే కుక్క ఒక్కటే ఉండాలి. ఎవరైనా గేటు గొళ్లెం మెల్లగా కదపాలి. కుక్క రెండుసార్లు అరవనివ్వండి. మామూలు గొంతుతో ఒక్కసారి "చాలు" అని, ముక్క ముక్కు దగ్గర పెట్టండి. వాసన చూడ్డానికి నోరు మూస్తుంది. రెండు సెకన్లు లెక్కపెట్టి ఇవ్వండి. పదిసార్లు. తర్వాత విడతలో 4 సెకన్లు, తర్వాత 8, 15, 30. ఒక విడత అయిదు నిమిషాలు దాటకూడదు, రోజుకి మూడు. పదిలో ఎనిమిదిసార్లు నిలబడితేనే పైమెట్టుకి వెళ్లండి. నిలబడకపోతే ఒక మెట్టు దిగండి. ముక్కు దగ్గర ముక్క చూపించడం మూడో రోజుకి మానేసి, మాట విని ఆగాక జేబులోంచి తీసి ఇవ్వాలి. లేకపోతే ముక్క కనబడితేనే ఆగడం అలవాటవుతుంది. తర్వాత నిజం పాలబ్బాయి వచ్చే వేళకి ఒక వారం మీరే లేచి నిలబడాలి. ఆ వారం తప్పించుకుంటే చేసిందంతా గొళ్లెం వరకే పనిచేస్తుంది.

కిటికీలోంచి "ఏయ్, నోర్ముయ్" అని కేకేస్తే కుక్కకి అర్థమయ్యేది మీరూ దానితో కలిసి అరుస్తున్నారని.

పగలు 9 నుంచి 6 వరకు ఖాళీగా ఉంటే విసుగు. ల్యాబ్రడార్‌కి గోడల మధ్య 12 అడుగులు చాలవు. ఉదయం 40 నిమిషాలు ఆగి ఆగి వాసనలు చూడనిస్తూ నడిపించండి. విశాఖ ఉక్కపోతలో 7 దాటాక వద్దు. వెళ్లేముందు పొద్దుటి తిండిలో సగం గిన్నెలో కాకుండా పెరట్లో చల్లేయండి, లేదా గట్టి రబ్బరు బొమ్మలో కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. రెండు కుక్కలకీ వేరువేరు మూలల్లో, లేకపోతే కొట్లాట. ముందు తలుపు దగ్గర వెళ్లొస్తామని ముద్దుచేసే కార్యక్రమం వద్దు.

అల్ట్రాసోనిక్ పెట్టె ఎందుకు ఆగిపోయిందంటే, కుక్క దానికి అలవాటు పడింది. పైగా అది ఏ కుక్క అరిచినా, ఒక్కోసారి గేటు చప్పుడుకీ మోగుతుంది. తప్పు చేయని కుక్కకీ శిక్ష పడుతుంది. షాక్ కాలర్ జోలికి అసలు వెళ్లకండి. పాలబ్బాయి కనబడ్డప్పుడల్లా మెడ దగ్గర నొప్పి పుడితే, నొప్పికి కారణం పాలబ్బాయే అని కుక్క తేల్చుకుంటుంది. అరుపు ఆగి కరవడం మొదలవ్వొచ్చు.

కొత్తపేట_శ్రీను

షెడ్డు లోపల గుడ్ల అట్టలు అతికిస్తే తక్కువ ఖర్చులో అయిపోదా అండి? రాక్‌వూల్ కుక్కలు పీకేస్తే?

శబ్దం_లెక్క

గుడ్ల అట్ట పల్చని కాగితం. పైధ్వనుల్ని కొంచెం పీలుస్తుంది, అరుపు ఉండే చోట దాదాపు ఏమీ చేయదు. శబ్దాన్ని ఆపడానికి బరువు కావాలి, దానికి బరువూ లేదు. తడిస్తే బూజు, ఎండితే నిప్పంటుకునే సరుకు. కుక్క ఉండే చోట వద్దండి.

రాక్‌వూల్ పీకుతాయన్న భయం సరైనదే. దాని పీచు నోట్లోకి, కళ్లలోకి పోతే మంట పెడుతుంది. అందుకే నేల నుంచి 2 అడుగులు వదలమన్నాను, పైన చిల్లుల రేకు తప్పనిసరి. ఆ రేకులో చిల్లుల వైశాల్యం కనీసం 20 శాతం ఉండాలి. తక్కువైతే శబ్దం లోపలికి పోకుండా రేకు మీదే తిరిగొస్తుంది.

రేకుల_పని

ఫాబ్రికేషన్ వైపు నుంచి రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడే పని చెడుతుంది.

పలకలకి ఫ్రేము: జిప్సం సీలింగ్‌కి వాడే 50 మి.మీ. జీఐ ఛానల్ 600 మి.మీ. దూరంలో నిలువుగా, గోడకి యాంకర్ ఫాస్టెనర్లతో. రాక్‌వూల్‌ని ముందు నల్ల గ్లాస్ టిష్యూతో (గాజు పీచుతో చేసిన పల్చని గుడ్డ) చుట్టాలి. వాన జల్లు నేరుగా తగిలే గోడైతే దాని మీద 50 మైక్రాన్ల లోపు పాలిథిన్ వదులుగా కప్పండి. బిగించి లాగితే డప్పులా పనిచేసి శబ్దాన్ని తిప్పికొడుతుంది. దాని మీద చిల్లుల రేకు. పైన మూడంగుళాల చూరు రేకు వంచి గోడలోకి గాడి కొట్టి దింపాలి, అడుగున నీళ్లు కారిపోవడానికి సందు వదిలి మెష్ వేయాలి. మెష్ వేయకపోతే ఎలుకలు కాపురం పెడతాయి, మళ్లీ కుక్కలు అరుస్తాయి. సముద్రపు గాలి కాబట్టి మామూలు స్క్రూలు రెండేళ్లకే తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ స్క్రూలు, పౌడర్ కోటింగ్ వేసిన రేకు తీసుకోండి.

షెడ్డుని ప్రహరీకి ఆనించాక పై కిటికీకీ కుక్కకీ మధ్య వచ్చేది షెడ్డు కప్పు. అర మి.మీ. జీఐ రేకు చదరపు మీటరుకి 4 కిలోలే ఉంటుంది, వణుకుతుంది, వానలో మోగుతుంది, ఎండలో పెనంలా కాలుతుంది. రేకు తీయక్కర్లేదు. దాని కింద 12 మి.మీ. సిమెంట్ ఫైబర్ బోర్డు బిగించండి, చదరపు మీటరుకి 15 కిలోలు. బోర్డు అడుగున 50 మి.మీ. రాక్‌వూల్, మళ్లీ చిల్లుల రేకు. 8×4 బోర్డు ఒక్కటే 45 కిలోలు తూగుతుంది కాబట్టి పాత ఫ్రేము ఆగుతుందో లేదో ముందు చూడాలి. మూడు పక్కలా మూసి, మీ ఇంటి వైపు ఒక్కటే తెరిచి ఉంచాలి. ఆ ముందు వైపు పూర్తిగా మూయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మూసిన పెట్టెలో మే నెలలో కుక్కకి వడదెబ్బ తగులుతుంది. కప్పు కింద చేరే వేడి పోవడానికి మీ ఇంటి వైపు తిరిగిన వెంటిలేటర్ ఒకటి పెట్టండి.

అయినా గోడ పెంచాలనుకుంటే, నాలుగున్నర అంగుళాల ప్రహరీ మీద నేరుగా బోర్డులు నిలబెట్టొద్దు. విశాఖకి డిజైన్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలంతో నెడుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను రోజున ఈ ఊళ్లో అలా నిలబెట్టినవి ఏమయ్యాయో అందరికీ తెలుసు. గోడకి లోపలి వైపు భూమిలోంచి విడిగా స్తంభాలు లేపాలి. ఆరడుగులకొకటి, గుంత అడుగున్నర చదరం, మూడడుగుల లోతు, ఎం20 కాంక్రీటు. స్తంభం సైజు ఇంజనీరుని అడిగి వేయించండి. బోర్డుకీ పాత గోడకీ మధ్య సందుని సీలెంట్‌తో పూర్తిగా మూయాలి. రెండడుగుల పలక కింద 6 మి.మీ. సందు వదిలితే అది 1 శాతం, ఆ ఒక్క సందుతో పలక అడ్డు 20 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. ఇంత చేయించే ముందు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ వాళ్లని ప్రహరీ ఎత్తు గురించి అడగండి. స్తంభాలు, కాంక్రీటు కలిస్తే మీ 40 వేలు దీనికే పోతాయి. నా సలహా కప్పూ, పలకలూ చేయించి ఆగమని.

పశువైద్యం

శిక్షణ మొదలుపెట్టే ముందు రెండింటినీ ఒకసారి డాక్టరుకి చూపించండి. ఏడేళ్ల నాటు కుక్క రాత్రి లేచి తిరుగుతూ అరుస్తుంటే చెవుల్లో ఇన్‌ఫెక్షన్, గోమార్లు, తుంటి కీళ్ల నొప్పి లేవని ముందు తేల్చుకోవాలి. ఉక్కపోత ఊళ్లలో చెవి ఇన్‌ఫెక్షన్ బాగా ఎక్కువ. చెవి గోక్కోవడం, తల విదిలించడం, పుల్లటి వాసన ఉంటే అదే. దురదతో నిద్రలేని కుక్కకి చిన్న చప్పుడు చాలు.

పగటి అరుపు విసుగా, ఒంటరితనపు భయమా అన్నది మీరు వెళ్లాక మొదటి అరగంట రికార్డింగ్‌లో తెలిసిపోతుంది. వెళ్లిన వెంటనే మొదలై ఆగకుండా కూయడం, చొంగ కార్చడం, తలుపు కొరకడం ఉంటే అది భయం. దానికి తిండి చల్లినా తినదు. అలాంటప్పుడు డాక్టరు సలహాతో మందు, క్రమంగా అలవాటు చేయడం రెండూ కావాలి. మనుషుల నిద్రమాత్రలు సగం విరిచి ఇచ్చేవాళ్లున్నారు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఒకటి మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. కుక్క గొంతు ఉన్నట్టుండి మారి బొంగురుపోయి, చొంగ కారుతూ, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్‌లో గొంతు మారుతుంది. తాకకుండా, తలుపో గేటో మూసి దూరంగా ఉండి డాక్టరుని పిలవండి. ఏటా టీకా వేయించిన కార్డు దగ్గర పెట్టుకోండి.

మధురవాడ_పెరడు

అందరికీ చాలా థ్యాంక్సండి. మూడు రాత్రుల రికార్డింగ్ విన్నాం. మొదలుపెట్టేది ప్రతిసారీ నాటు కుక్కే, ల్యాబ్ తర్వాత అందుకుంటోంది. మొదటి రాత్రి 43 విడతలు, వాటిలో 30 పైన గోడ వార పరుగు చప్పుడుతో మొదలయ్యాయి. కాలువ దగ్గర రెండు బొరియలు కనబడ్డాయి.

రెండు సందేహాలు. ఒకటి, తేడా ఎలా కొలవాలి? రెండు, పోలీసుల దాకా వెళితే మాదే తప్పవుతుందా?

శబ్దం_లెక్క

ఫోన్ యాప్ చూపే అంకెని ఉన్నదున్నట్టు నమ్మొద్దు. కానీ అదే ఫోను, అదే చోటు, అదే వేళ అయితే ముందుకీ వెనక్కీ తేడా బాగానే చెబుతుంది. పక్కింటివాళ్లు ఒప్పుకుంటే పై గది కిటికీ చట్రం మీద ఫోను పెట్టి, యాప్‌లో ఏ-వెయిటింగ్ (మన చెవి వినే తీరుకి సరిచేసిన కొలత), ఫాస్ట్ (వెంటవెంటనే మారే అంకె) ఎంచుకుని పది అరుపుల గరిష్ఠ అంకెలు రాసుకోండి. షెడ్డు జరిపాక మళ్లీ పది. పలకలు బిగించాక మళ్లీ పది. ఒక్కోదానికి ఎంత తగ్గిందో విడిగా తెలుస్తుంది. ఆవిడ ముందు కొలవడం వల్ల ఇంకో మేలుంది. మీరు పని చేస్తున్నారని వాళ్లు కళ్లారా చూస్తారు.

వాళ్ల కిటికీ పాత చెక్క రెక్కలదైతే చట్రానికి డి-ఆకారపు రబ్బరు గాస్కెట్ మీ ఖర్చుతో వేయించి ఇవ్వండి. అలాంటి కిటికీలో శబ్దం రెక్కల కన్నా సందుల్లోంచే ఎక్కువ వస్తుంది. ఆవిడ కిటికీ తెరిచి పడుకునే అలవాటున్నవారైతే ఇది పనికిరాదు, బలవంతపెట్టకండి.

కొత్తపేట_శ్రీను

చట్టం సంగతి నేను చెబుతాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి 6. ఆ హద్దుకి 10 లేదా అంతకన్నా ఎక్కువ దాటితే ఫిర్యాదు చేయొచ్చు. ఆ అంకెలు కొంత సమయానికి తీసిన సగటు, ఒక్క అరుపు గరిష్ఠం కాదు. కాబట్టి మీ రాత్రి సగటు తగ్గడమే మీకు రక్షణ. అరుపు ఆపాలని పొట్టి గొలుసుతో రోజంతా కట్టేస్తే మాత్రం మీదే తప్పవుతుంది. 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో అతి పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కని తిప్పకపోవడం రెండూ ఉన్నాయి.

జాగిలాల_బడి

30 విడతలు పందికొక్కువే అయితే మీ పని సగం తేలికైంది. బొరియలు పూడ్చిన మర్నాడు చూడండి, పక్కన కొత్త కన్నం తీస్తుంది. మూడు నాలుగు సార్లు పూడ్చాలి. ఆ వారమంతా నాటు కుక్క రాత్రుళ్లు లోపలే ఉండాలి. ఒక్కరాత్రి వేట దొరికినా మళ్లీ వారం కాపు కాస్తుంది.

ఒకటి ముందే చెబుతున్నాను. "చాలు" మొదలుపెట్టిన నాలుగైదు రోజులకి అరుపు ఒకసారి పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది పనిచేయకపోతే కుక్క ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు. పక్కింటి ఆవిడకి ఆ వారం గురించి ముందే చెప్పి ఉంచండి. పాలబ్బాయిని కూడా వారం రోజులు ప్యాకెట్లు గేటుకి తగిలించకుండా మీ చేతికే ఇమ్మనండి, ఇచ్చేటప్పుడు అతని చేత్తోనే నాటు కుక్కకి ఒక చికెన్ ముక్క విసిరించండి.